అర్ధరాత్రి దాటిన ట్రాక్టరు

చిత్తూరు, పలమనేరు రోడ్డు,
టైల్స్ కొట్టు పైన మూడో అంతస్తు.
పదకొండేళ్లుగా ఈ కుర్చీలో కూర్చుని
ఎదుటి కుర్చీని తూకం వేస్తున్నాను.

మొదట్లో నా సంచిలో ఉన్నవన్నీ బెంగుళూరు రాళ్లే:
లింక్డ్ లిస్టు తిరగెయ్యి, చెట్టును చదును చెయ్యి,
ఎన్ని అడుగుల్లో, ఎంత మెమరీలో.
నన్నెవరో అడిగారు, నేను వీళ్లనడిగాను.
అత్త కూడా ఒకనాటి కోడలే కదా.
జవాబులు బట్టీపట్టిన ఒకడు
గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి ఉద్యోగంలో చేరి
మూడో నెలలో, ఒక శుక్రవారం సాయంత్రం
జీతాల పట్టికంతా తుడిచిపెట్టి
"బ్యాకప్పు యాడుంటాది సార్?" అన్నాడు.
బోర్డు మీద వాడు గీసిన చెట్టు మాత్రం
ఒక్క కొమ్మా వంకర లేకుండా ఉండింది.

ఆ తర్వాత బోర్డు తీసేయించాను.
ఇప్పుడొక చెడిపోయిన ప్రోగ్రాం ఇస్తాను,
నిజంగా చెడిపోయిందే, పోయినేడు మా పరువు తీసిందే:
తోతాపురి గుజ్జు ఫ్యాక్టరీ వేబ్రిడ్జి లెక్క.
జూన్ నెలలో కొన్ని లోడ్లు బిల్లులోంచి మాయం.
గంట టైము. నెట్‌లో వెతుక్కోవచ్చు, నన్నడగొచ్చు,
కాఫీ అడగొచ్చు.
కాఫీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నిన్న ముగ్గురొచ్చారు.

మొదటివాడి పేరు మరిచిపోయాను, బూట్లు గుర్తున్నాయి.
నలుగురితో కలిసి పనిచేస్తానని మూడుసార్లు చెప్పి
ఒక్క మాటా అడక్కుండా ఒంటరిగా ఓడిపోయాడు.

బంగారుపాళ్యం జ్ఞానప్రసూన
ముందు కోడ్ వైపు చూడనే లేదు.
"బండి రాత్రి పదకొండున్నరకి లోపలికొచ్చి
కాయ దించి ఒంటిగంటకి బయటికి పోతే
యా తేదీ కింద రాస్తారు సార్?"

నా పెన్ను ఆగింది.
నిండు బండి తూకం ఒక రోజున, ఖాళీ బండి తూకం మర్నాడు,
రెంటికీ నడుమ సందులో జారిపోయిన ఆరు టన్నుల కాయ.
మాకు పట్టుకోవడానికి తొమ్మిది రోజులు పట్టింది.
"ఎట్లా తెలిసిందమ్మా?"
"మా చిన్నాయన ట్రాక్టర్ మింద పండుకున్యాను సార్,
ఆ క్యూలోనే, రెండు రాత్రిళ్లు."

పదికి తొమ్మిది వేశాను.
వేసి, అక్కడే ఇరుక్కుపోయాను.
నేను తూచింది ఆ పిల్ల బుర్రనా, వాళ్ల తోటనా?
దొంగ రాళ్లు పారేశాననుకున్నాను సరే,
ముల్లు ఈసారి ఇంకో వైపు వంగలేదు కదా?

మూడోవాడు నగరి ఢిల్లీబాబు.
మరమగ్గాల ఇల్లు. మామిడి తిన్నాడే గాని
వేబ్రిడ్జి ఎక్కిన బండిని చూసి ఎరగడు.
నలభై నిమిషాలు నోరు విప్పలేదు.
"ఏమాలోచిస్తున్నావో పైకి చెప్పు నాయనా" అంటే
నత్తలాగా ఇంకా లోపలికి పోయాడు.
మా మునిరత్నం తయారుచేసిన ఫారంలో ఏడు గడులు.
మాటతీరు: మూడు.
గంట అయింది. దండం పెట్టి మెట్లు దిగాడు.

లైట్లు ఆర్పబోతుంటే కుర్చీ కింద
నాలుగు మడతల చిత్తుకాగితం.
పదకొండూ నలభై లోపలికి, పన్నెండూ ఇరవై బయటికి.
మధ్యన నిలువుగా ఒక గీత.
గీత పక్కన, చీమతలకాయంత అక్షరాల్లో,
"ఈడ పోగు తెగతాండాది."
దాని కింద రాసి కొట్టేసిన మాట,
దీపం కిందికి పట్టుకుంటే కనబడింది:
"సార్‌ని అడగొచ్చునా?"

అడగొచ్చని చెప్పానే.
చెప్పాను. ఫోన్‌లో ఏదో చూసుకుంటూ,
తలెత్తకుండా.

ఫారంలో ఆ మూడు కొట్టేశాను,
ఏమి వెయ్యాలో తోచక గడి ఖాళీగానే ఉంచాను.
నగరి బస్సు ఈపాటికి పుత్తూరు దాటి ఉంటుంది.
వాడి నెంబరు నొక్కాను. రింగవుతోంది.
ఎత్తితే అడగడానికి
నా దగ్గర ఒక్క ప్రశ్నా సిద్ధంగా లేదు.